‘అట’ జారిపోయిన చోట: రాబోయే యంత్రాల మీది వదంతులు – పాలమూరు, నల్లగొండ నేపథ్యం

తెలుగు జానపద విజ్ఞానంలో వదంతికి ఇంతవరకు స్థిరమైన చోటు దొరకలేదు. బిరుదురాజు రామరాజు గేయాలను సేకరించి వర్గీకరించిన నాటి నుంచి, ఆర్వీయస్ సుందరం ‘ఆంధ్రుల జానపద విజ్ఞానం’లో ప్రక్రియలన్నింటినీ ఒక చూపుకింద చర్చించిన నాటి వరకు, ఆ తరువాత వచ్చిన సిద్ధాంత గ్రంథాలలోనూ గేయం, గాథ, కథ, సామెత, పొడుపుకథ, ఐతిహ్యం అనే విభాగాలు స్థిరపడ్డాయి. వదంతి మాత్రం ఐతిహ్యానికి అనుబంధంగానో, మూఢనమ్మకానికి ఉదాహరణగానో ఒక పేరాలో కనిపించి తప్పుకుంటుంది. దీనికి కారణం ఊహించదగినదే. వదంతికి ప్రదర్శకుడు లేడు, ప్రదర్శనా సమయం లేదు, ఆయువు కొద్ది. సేకర్త టేప్ రికార్డరు తీసుకొని వెళ్లేసరికి అది నిజమో అబద్ధమో తేలిపోయి, చెప్పినవాళ్లే చెప్పలేదంటారు. అయినా ఒక ప్రక్రియకు కావలసిన లక్షణాలన్నీ దానికున్నాయి: నిశ్చితమైన ఎత్తుగడ, నిశ్చితమైన క్రియారూపం, పునరావృతమయ్యే కథాంశాలు, శ్రోతను మళ్లీ వక్తగా మార్చే ముగింపు.

వదంతులలో భవిష్యత్తును గురించినవి ఒక ప్రత్యేక వర్గం. జరిగిపోయిన సంఘటన మీద పుట్టిన వదంతిని సాక్ష్యంతో ఖండించవచ్చు. జరగబోయేదాని మీద పుట్టినదానిని ఖండించడానికి గడువు వచ్చేవరకు వేచి ఉండాలి. ఈ వర్గానికి నేటి ప్రపంచంలో అత్యంత పుష్కలమైన ఉదాహరణ ఏ గ్రామ దేవత జాతరలోనో కాక, ఇంకా తయారుకాని కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ చుట్టూ అల్లుకున్న కథలలో దొరకడం జానపద పరిశోధకుణ్ణి ఆశ్చర్యపరచనక్కరలేదు. ఈ వ్యాసం ఆ కథల నిర్మాణాన్ని తెలుగు భవిష్యద్వాణి రూపాలతో పోల్చి, అదే నిర్మాణం 2018లో దక్షిణ తెలంగాణ గ్రామాలలో ప్రాణాల మీదికి ఎలా వచ్చిందో పరిశీలిస్తుంది.

మూడు క్రియారూపాలు

పరిశీలన వ్యాకరణం నుంచి మొదలుకావాలి. తెలుగుకు ఇతరుల మాటను తన మాటగా కాక చెప్పడానికి ‘అట’ అనే ఒక చిన్న సాధనం ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వాడుకలో ‘అట’, ‘అంట’ రెండూ వినిపిస్తాయి. ‘కొత్త ఫోన్ వస్తదట’ అన్నప్పుడు వక్త మూడు పనులు ఒకేసారి చేస్తున్నాడు: సమాచారం అందిస్తున్నాడు, దానికి మూలం వేరొకరున్నారని సూచిస్తున్నాడు, ఆ మూలం ఎవరో చెప్పవలసిన బాధ్యత నుంచి తప్పుకుంటున్నాడు. ఇంగ్లీషులో ఈ పనికి ప్రత్యేకంగా ఒక మాటో వాక్యఖండమో కావాలి, తెలుగులో రెండక్షరాలు చాలు. వ్యాకరణ గ్రంథాలు దీనిని అనుకరణార్థక అవ్యయంగా పేర్కొని వదిలేశాయి కానీ, వదంతికి ఇది కేవలం అలంకారం కాదు, దాని నైతిక హద్దు. ‘అట’ ఉన్నంతసేపు వినేవాడికి అనుమానించే హక్కు ఉంటుంది. ‘ఎవరు చెప్పిండ్రు?’ అని అడగడానికి ఆ రెండక్షరాలే చోటిస్తాయి.

రెండవ రూపం కాలజ్ఞానానిది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరుతో ప్రచారంలో ఉన్న తత్త్వాలలోను వచనాలలోను క్రియలు ‘పుట్టేను’, ‘వచ్చేను’, ‘అయ్యేను’ వంటి రూపంలో ముగుస్తాయి. ఇక్కడ ‘అట’కు తావు లేదు. చూసినవాడు చెబుతున్నాడు, వినేవాడు వేచి ఉండాలి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మరునాడు జరిగే రంగంలో పచ్చికుండ మీద నిలిచి చెప్పే భవిష్యవాణిలోను, ఎరుకల సోదిలోను, తెల్లవారుజామున ఢక్క వాయిస్తూ వచ్చే బుడబుక్కలవాడి పలుకులోను ఇదే నిశ్చయార్థం. అయితే ఈ రూపాలన్నింటిలో వక్త కంటికి కనిపిస్తాడు. కుండ మీద నిలిచిన స్త్రీ ఎవరో ఊరికి తెలుసు. సోదిగత్తెకు బియ్యం పోసిన ఇల్లాలికి ఆమె మొహం గుర్తుంటుంది. వచ్చే ఏడు వర్షం పడకపోతే అడగడానికి ఒక మనిషి ఉంటుంది.

మూడవది పత్రికల రూపం. ‘రానున్నట్లు తెలుస్తోంది’, ‘సిద్ధం చేస్తున్నట్లు సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’. తెలుగు పత్రికారచన రాజకీయ వార్తల కోసం తయారుచేసుకున్న ఈ పదబంధాలు సాంకేతిక వార్తలకు యథాతథంగా బదిలీ అయ్యాయి. మంత్రివర్గ విస్తరణకు వాడిన వాక్యమే కొత్త విండోస్‌కూ వాడుతున్నారు. ‘తెలుస్తోంది’ అన్న క్రియకు కర్త లేదు. ఎవరికి తెలుస్తోందన్న ప్రశ్న ఆ వాక్యంలో పుట్టదు. ‘అట’ మూలాన్ని దాచి, దాచినట్టు ఒప్పుకుంటుంది. ‘తెలుస్తోంది’ మూలం అవసరమే లేదన్నట్లు నటిస్తుంది. జానపదుడి ‘అట’ ఈ రెండింటిలో నిజాయితీ గలదని చెప్పక తప్పదు.

ఇంకా పుట్టని వ్యవస్థ

మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఆపరేటింగ్ సిస్టములకు తయారీ దశలో మారుపేర్లు పెట్టుకోవడం పాత అలవాటు. విండోస్ 95కు చికాగో, ఎక్స్‌పీకి విజ్లర్. విజ్లర్, బ్లాక్‌కోంబ్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పక్కపక్కనే ఉన్న రెండు కొండలు. ఎక్స్‌పీ తరువాత రావలసిన మహావ్యవస్థకు బ్లాక్‌కోంబ్ అని పేరు పెట్టి, మధ్యలో ఒక చిన్న మజిలీగా లాంగ్‌హార్న్‌ను అనుకున్నారు. ఆ రెండు కొండల నడుమనున్న ఒక మద్యశాల పేరది. పేరు బయటికి పొక్కగానే మజిలీ గమ్యమైంది. 2003లో జరిగిన డెవలపర్ల సభలో సంస్థ స్వయంగా చేసిన ప్రకటనలు వదంతికి మరింత మేత అందించాయి. ఫైళ్లను ఫోల్డర్లలో వెతకనక్కరలేదని, వాటి అర్థాన్ని బట్టి యంత్రమే వెతికి పెడుతుందని చెప్పిన విన్‌ఎఫ్ఎస్ అనే భాగం ఆ కథలకు కేంద్రం. 2004 ఆగస్టులో పనిని దాదాపు మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు, విన్‌ఎఫ్ఎస్‌ను తప్పించారు. 2007 జనవరి 30న విస్టా పేరుతో జనానికి అందినది, కథలలో పెరిగిన లాంగ్‌హార్న్ కాదు.

ఇక్కడ గమనించవలసినది వదంతికీ అధికారిక ప్రకటనకూ మధ్య ఉన్న గీత చెరిగిపోవడం. ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947 నాటి గ్రంథంలో వదంతి బలం విషయ ప్రాముఖ్యం మీద, సమాచార సందిగ్ధత మీద గుణకారంగా ఆధారపడుతుందన్నారు. రెండింటిలో ఏది సున్న అయినా వదంతి సున్న. ఇంకా తయారుకాని వస్తువును అమ్మదలచిన సంస్థకు ఈ సూత్రం వ్యాపార సూత్రంగా పనికివస్తుంది. ప్రాముఖ్యాన్ని సభలో పెంచాలి, సందిగ్ధతను మారుపేరుతో నిలపాలి. ఆల్‌పోర్ట్ చూసిన యుద్ధకాలపు వదంతులు ప్రభుత్వాలకు శత్రువులు. ఆపరేటింగ్ సిస్టమ్ మీది వదంతి దాని యజమానికి చాలావరకు మిత్రురాలు. ఈ తేడాను విస్మరించి రెండింటినీ ఒకే సూత్రంలో ఇమిడ్చే ప్రయత్నం ఫలించదు.

2008లో వినిపించిన మిడోరి కథ మరొక రకం. సంస్థలో అటువంటి పరిశోధన నిజంగానే ఉంది. విండోస్ పునాదితో సంబంధం లేకుండా కొత్తగా రాసిన వ్యవస్థ అది. వదంతి దానికి జోడించినది ఒక్కటే: విండోస్ శకం ముగిసిందని. నిజమైన విత్తనం మీద యుగాంతం మొలిచింది. మిడోరి చివరకు సరుకుగా వెలువడకుండానే ఆగిపోయింది. 2015లో దీనికి ఎదురు దిశలో మరొకటి పుట్టింది. చికాగో సభలో సంస్థ ఉద్యోగి ఒకరు విండోస్ 10ను చివరి విండోస్‌గా పేర్కొన్న మాట, సందర్భం వదిలించుకుని ప్రవచనంగా మారింది. 2021 అక్టోబరు 5న విండోస్ 11 విడుదలయ్యేంత వరకు ఆ మాటను ఉటంకించినవారిలో అనేకులు దానిని సంస్థ ప్రతిజ్ఞగానే భావించారు. ఒకటి అంతాన్ని, మరొకటి శాశ్వతత్వాన్ని చెప్పింది. రెండింటి వాక్యనిర్మాణం ఒక్కటే.

జానపద విజ్ఞాన దృష్టికి వీటన్నిటికంటె విలువైనది ‘తొమ్మిది లేని విండోస్’ కథ. 2014 సెప్టెంబరు 30న మైక్రోసాఫ్ట్ ఎనిమిది తరువాతి వ్యవస్థకు పది అని పేరు ప్రకటించింది. తొమ్మిది ఏమైంది? పాత ప్రోగ్రాములు విండోస్ 95, 98లను గుర్తించడానికి పేరు ‘విండోస్ 9’తో మొదలవుతుందా అని మాత్రమే చూస్తాయని, అందువల్ల ఆ అంకెను వదిలేశారని ఒక వివరణ అజ్ఞాతంగా బయలుదేరి ప్రపంచమంతా తిరిగింది. ఇది సంభావ్యమే కానీ ధ్రువీకృతం కాదు. దీని తర్కం తెలుగు పాఠకుడికి చిరపరిచితం. పాలమూరుకు ఆ పేరు ఎందుకు వచ్చిందంటే ఇక్కడ పాలు సమృద్ధిగా దొరికేవి కనుక అనే జననిరుక్తి ఇప్పటికీ వినిపిస్తుంది. మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట వచ్చిందని రికార్డు ఉంది కనుక దాని మీద కథ పుట్టలేదు. రికార్డు స్పష్టంగా లేని పాలమూరు మీదనే పుట్టింది. పేరులోని ఖాళీని కథ పూరిస్తుంది. స్థలనామ ఐతిహ్యాల అధ్యయనానికి పెంచుకున్న పరికరాలు సాఫ్ట్‌వేర్ పేర్లకు అంతే చక్కగా పనిచేయడం, ఆ పరికరాల సత్తాకు నిదర్శనం.

వెనక్కి చదివే భవిష్యత్తు

కాలజ్ఞానం ఆధునిక యంత్రాలను ముందే చెప్పిందన్న వాదం తెలుగునాట తరచు వినిపిస్తుంది. నీటితో దీపాలు వెలగడం విద్యుత్తని, ఎద్దులు లేని బండ్లు మోటారు వాహనాలని పొంతన కుదురుస్తారు. కంప్యూటరును కూడా ఈ జాబితాలో చేర్చిన వ్యాఖ్యానాలు వచ్చాయి. ఈ వాదాన్ని హేతువాదులు అపహాస్యం చేశారు, భక్తులు సమర్థించారు. సాహిత్య విమర్శకు రెండు వైఖరులూ ఉపయోగపడవు. పాఠం అర్థం సంఘటన తరువాత స్థిరపడుతోందన్నదే విమర్శకు కావలసిన సంగతి. కాలజ్ఞానం అచ్చు ప్రతుల మధ్య పాఠభేదాలు విస్తారం. తాళపత్రాలకూ బజారు పుస్తకాలకూ మధ్య ఏమేమి చేరిందో తేల్చగల పరిష్కృత ప్రతి పండితుల ఏకాభిప్రాయం పొందనంతకాలం, ఏ యంత్రం అందులో ముందే ఉందన్న చర్చ పునాది లేని గోడ. 2020లో ‘కోరంకి’ అన్న మాట ఉన్న పద్యం ఫోన్లలో తిరిగిన తీరు దీనికి నిదర్శనం. ఆ మాట అంతకుముందు అచ్చులో లేదనే కాదు ఇక్కడి ప్రశ్న. ఉన్నా దానిని ఎవరూ వైరస్ పేరుగా చదవలేదు. చదివే అవసరం 2020లో వచ్చింది.

ఈ వెనుకచూపుకు సినిమా గొప్ప సాధనమైంది. ఎన్.టి. రామారావు స్వీయ దర్శకత్వంలో ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ 1984లో వచ్చింది. ముఖానికి రంగు పూసుకునేవారు రాజ్యమేలుతారన్నది కాలజ్ఞానంలోని మాటగా ప్రచారంలో ఉన్న రోజులవి. ఆ పాత్ర ధరించిన నటుడు 1983 జనవరి నుంచి ముఖ్యమంత్రి. ప్రవక్తా, ప్రవచన ఫలమూ ఒకే దేహంలో తెరమీద కనిపించిన సందర్భం ఇంకే సాహిత్యంలోనైనా ఉందేమో వెతకాలి. ప్రేక్షకుడు భవిష్యత్తును చూస్తున్నాననుకుంటూ తాను దాటివచ్చిన శతాబ్దాన్నే చూశాడు.

దీనికి భిన్నంగా, నెరవేరని భవిష్యత్తును నేరుగా ఎదుర్కొన్న చిత్రం విశ్వక్ ఖండేరావు దర్శకత్వంలో 2021 డిసెంబరులో వచ్చిన ‘స్కైలాబ్’. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం కూలి తమ ఊరి మీద పడుతుందన్న భయం కరీంనగర్ జిల్లా బండలింగంపల్లిలో ఏం చేసిందన్నది ఇతివృత్తం. ఆ ఏడాది జూలై 11న స్కైలాబ్ శకలాలు హిందూ మహాసముద్రంలోను పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. ఆ ప్రాంతపు స్థానిక పాలక సంస్థ చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా విధించడం ఆ ఉదంతానికి వినోదకరమైన కొసమెరుపు. తెలంగాణ పల్లెల్లో మాత్రం ఎలాగూ పోతామని కోళ్లను, మేకలను కోసుకు తిన్నవారి ముచ్చట్లు నేటి వృద్ధుల జ్ఞాపకాల్లో నిలిచాయి. సినిమా ఈ వదంతిని అజ్ఞానంగా చిత్రించకపోవడం దాని విశేషం. రేడియో చెప్పింది నిజమే, కేంద్రం కూలబోతోంది, ఎక్కడ కూలుతుందో దానిని కట్టినవారికే తెలియదు. పల్లె చేసినదల్లా ఆ అనిశ్చితిని తన ఊరి పొలిమేరలోకి లాక్కోవడం.

1934 బిహార్ భూకంపం తరువాతి వదంతులను పరిశీలించిన జమునా ప్రసాద్ అధ్యయనం ఇక్కడ అక్కరకు వస్తుంది. భూమి కంపించినా నష్టం జరగని చోట్ల, అంతకంటె ఘోరమైన విపత్తు రాబోతోందన్న కథలు పుట్టాయి. 1957లో ఫెస్టింగర్ దీనికి చెప్పిన కారణం సరళమైనది: భయం ముందే ఉంది, దానికి తగిన కారణం కనిపించలేదు, వదంతి ఆ కారణాన్ని సమకూర్చింది. భవిష్యద్వదంతి భయపెట్టదు, ఉన్న భయానికి సాకు చూపిస్తుంది. 1999 చివరలో సంవత్సరపు అంకెల లోపం వల్ల విమానాలు కూలుతాయని, బ్యాంకు ఖాతాలు సున్న అవుతాయని ప్రపంచమంతా అల్లుకున్న కథలకూ ఇది వర్తిస్తుంది. తెలుగువారికి మాత్రం ఆ భయంలో ఒక అదనపు అంకం ఉంది. అంకెలు సరిదిద్దే పని అమెరికా వీసాలకు దారి తెరిచింది. ఒక దేశపు యుగాంత వదంతి మరొక ప్రాంతానికి ఉద్యోగ వార్త అయింది.

ఒక అక్షరం, ఒక అదృశ్య సంకేతం

తెలుగుకు ఆపరేటింగ్ సిస్టమ్ భవిష్యత్తు కేవలం కుతూహల విషయం కాదు. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి చోటు దొరికింది, తెలుగుకు దొరకలేదు. 2001లో ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చిన తరువాతే ఆ వ్యవస్థలో తెలుగు సంయుక్తాక్షరాలు సక్రమంగా కూడాయి. ఇతరులకు తరువాతి విండోస్ అంటే కొత్త రంగులు. తెలుగువాడికి తరువాతి విండోస్ అంటే వత్తులు. ఆ ఆలస్యంలో అలవాటైన పాత ఫాంట్ల నుంచి తెలుగు ముద్రణారంగం ఇంకా పూర్తిగా బయటపడలేదు.

ఈ నేపథ్యంలో 2018 ఫిబ్రవరి నాటి ఉదంతాన్ని చదవాలి. ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం సందేశంగా అందితే ఐఫోన్ స్తంభించిపోతుందని వార్త వచ్చింది. ప్రపంచ పత్రికలలో తెలుగు అన్న పేరు ఆ వారం కనిపించినంతగా బహుశా ఎప్పుడూ కనిపించలేదు. కనిపించినది ఒక ప్రమాదకర చిహ్నంగా. వార్త నిజమే. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో లోపాన్ని సరిచేసింది. అయితే నిజం ‘తెలుగు అక్షరం’ అన్న మాటలో లేదు. మామూలుగా రాసే ‘జ్ఞా’ ఏ ఫోనునూ ఆపలేదు. జకారం, పొల్లు, ఞకారం తరువాత, దీర్ఘానికి ముందు, అక్షరాలను విడదీసే ఒక కనిపించని సంకేతం చేరితేనే యంత్రం తడబడింది. ‘ఫేస్‌బుక్’ అని టైపు చేసేటప్పుడు సకారం కింద బకారం వత్తుగా దిగకుండా తెలుగువారు వాడుకునే సంకేతమే అది. వంగ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులూ ఇదే పని చేశాయని తరువాతి పరిశీలనల్లో తేలింది. అంటే లోపం యంత్రం లిపిని పేర్చే పద్ధతిలో ఉంది, లిపిలో కాదు. ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ చెప్పిన కుదింపు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అదృశ్య సంకేతం రాలిపోయింది, వంగం రాలిపోయింది, యంత్రం రాలిపోయింది. మిగిలినది: తెలుగు ఫోన్లను చంపుతుంది. కాలజ్ఞానంలోనూ, విజ్ఞానంలోనూ ఉన్న అక్షరమే అది కావడాన్ని గుర్తించి ఎవరైనా కొత్త ప్రవచనం అల్లలేదంటే అది తెలుగువారి సంయమనమనే అనుకోవాలి.

అదే ఏడాది, అదే ఫోన్లలో

‘జ్ఞా’ ఉదంతం ముగిసిన కొన్ని వారాలకే దక్షిణ తెలంగాణ గ్రామాల ఫోన్లలో మరొక కథ ప్రవేశించింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు ఇతర రాష్ట్రాల నుంచి దిగాయన్నది దాని సారం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో ఆ వేసవికి ముందే భయం వ్యాపించింది. మే నెలలో, పూర్వపు నల్లగొండలో భాగమైన యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక మనిషి గుంపు చేతిలో ప్రాణం కోల్పోయాడు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, రంజాను నెలలో యాచనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ల మీద గుంపు దాడి చేసి ఒకరిని చంపింది. చనిపోయిన వ్యక్తిది మహబూబ్‌నగర్ జిల్లా.

ఈ చివరి వివరాన్ని దాటిపోవడం సాధ్యం కాదు. పాలమూరు దశాబ్దాలుగా వలస జిల్లా. ముంబయి, బెంగుళూరు కట్టడాల దగ్గర, కాలువల తవ్వకాల దగ్గర ‘పాలమూరు లేబర్’ అన్నది ఒక పేరుగా స్థిరపడింది. పరాయి ఊళ్లో, పరాయి భాషలో, చెట్టు కింద వంట చేసుకునే అపరిచితుడు ఎవరంటే పాలమూరివాడు. అపరిచితుడిని అనుమానించమన్న కథ ఆ జిల్లాకు వచ్చినప్పుడు అది తన బిడ్డలను గురించిన కథగా వినిపించవలసింది. వినిపించలేదు. పిల్లలను ఇంటిదగ్గర ముసలివాళ్ల కాపలాలో వదిలి వలసపోయే ఊళ్లకు, పిల్లలు ఎత్తుకుపోబడతారన్న కథ ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఫెస్టింగర్ మాటల్లో చెప్పాలంటే భయం ముందే ఉంది; ముఠా తరువాత వచ్చింది.

రూపపరంగా ఈ కథకూ ఆపరేటింగ్ సిస్టమ్ కథలకూ తేడా ఎక్కడుంది? కర్త లేకపోవడం ఒక్కటే. నిజమైన విత్తనం మీద అతిశయం మొలవడం ఒక్కటే. రణజిత్ గుహా 1983లో రైతాంగ తిరుగుబాట్ల వదంతుల గురించి చెప్పినట్లు శ్రోత వెంటనే వక్తగా మారడం ఒక్కటే. తేడా ‘అట’లో ఉంది. రచ్చబండ దగ్గర చెప్పుకునే గాలిమాటకు ‘అట’ తప్పదు. తోటివారి ముందు తన మాట తేలిక కాకుండా చూసుకోవడానికైనా వక్త దానిని వాడతాడు. ఫోనులో వచ్చిన దానిని తిరిగి పంపే మనిషి ఏమీ ‘చెప్పడు’. వేలితో నొక్కుతాడు. వాక్యం మొదటివాడు రాసిన రూపంలోనే, ‘అట’ లేకుండా, హెచ్చరికగా, ఆజ్ఞగా వందోవాడికి చేరుతుంది. వందోవాడికి అది పంపినవాడి సొంత మాటలా కనిపిస్తుంది, ఎందుకంటే పంపినవాడు మేనబావో, చిన్నాయనో. వదంతి చరిత్రలో ఇది పరిమాణంలో వచ్చిన మార్పు కంటె వ్యాకరణంలో వచ్చిన మార్పు. మూలాన్ని దాచే అవ్యయం పోయి, దాని స్థానంలో బంధువు పేరు వచ్చి కూర్చుంది.

2018 జూలైలో వాట్సాప్ ఇతరుల నుంచి వచ్చి తిరిగి పంపబడిన సందేశాల మీద ఆ సంగతి తెలిపే గుర్తును చేర్చింది. ఆ నెలలోనే భారతదేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారి అయిదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టనున్నట్లు ప్రకటించింది. తెలుగు వ్యాకరణ భాషలో చెప్పాలంటే, యంత్రం తాను ఊడగొట్టిన ‘అట’ను తానే తిరిగి అతికించింది. అతికించిన చోటు మాత్రం సరిపోలేదు. ‘అట’ క్రియకు అంటుకొని వాక్యం మొత్తాన్ని అనుమానంలో ముంచుతుంది. ఆ గుర్తు సందేశం పైన చిన్న అక్షరాలలో, వాక్యానికి బయట ఉంది. చదవడం రాక విని తెలుసుకునేవారికి అది లేనట్లే.

గద్వాలలో అప్పటి జిల్లా పోలీసు అధికారి రెమా రాజేశ్వరి అనుసరించిన పద్ధతి ఇందుకు భిన్నమైనది, జానపద పరిశోధకులు ఇంకా తగినంతగా పట్టించుకోనిది. గ్రామాలకు పోలీసులను కేటాయించి, వారు తరచు వెళ్లి మాట్లాడే ఏర్పాటు చేశారు. జానపద కళాకారులు డప్పు, పాటలతో ఊళ్లు తిరిగి ఫోనులో వచ్చినదాన్నల్లా నమ్మవద్దని చెప్పారు. దీనిని చైతన్య కార్యక్రమంగా మెచ్చుకున్న పత్రికలు పాటలోని విషయాన్ని చూశాయి. అసలు పని విషయం కంటె రూపం చేసి ఉండాలి. ఫోనులోని మాట లిఖితంగానో, మొహం లేని గొంతుగానో వచ్చింది. డప్పుతో వచ్చినవాడు నిలబడి, ఊరి భాషలో, అడిగితే బదులు చెప్పే దూరంలో మాట్లాడాడు. రంగం చెప్పే స్త్రీకి, సోదిగత్తెకు ఉన్న సాక్షాత్కారం అతనికీ ఉంది.

ఈ మట్టి మీద ఇటువంటి మరొక ఖండనకు పూర్వ దృష్టాంతం ఉంది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి ప్రచారమైనప్పుడు, గద్వాల సంస్థాన ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగలేదు. 354 మంది కవుల పేర్లు, ఊళ్లు, పద్యాలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’గా అచ్చువేశారు. కర్త లేని మాటకు బదులుగా ఆయన నిలిపినది పేరున్న మనుషులను. తరువాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో శకునాలు, నమ్మకాలు వంటి విషయాలను ఆయన కొట్టిపారేయకుండా కాలానికి సాక్ష్యాలుగా ఉపయోగించిన తీరు కూడా వదంతి అధ్యయనానికి ఈ నేల మీదే దొరికే పద్ధతి.

ఊరి చాటింపు ఈ ప్రక్రియలన్నింటికీ ఎదురుగా నిలిచే రూపం. డప్పు కొట్టి ‘ఇందుమూలంగా తెలియజేయడమేమనగా’ అనేవాడు ఎవరి ఉత్తర్వు మీద చెబుతున్నాడో కూడా చెబుతాడు. పన్ను గడువైనా, చెరువు తూము తెరవడమైనా, దాని వెనుక పట్వారీయో పంచాయతీయో ఉంటుంది. తెలుగు జానపద ప్రక్రియల జాబితాలో చాటింపుకూ ఇంతవరకు చోటు లేదు. వదంతిని సేకరించాలనుకునే పరిశోధకుడు దానిని ఒంటరిగా కాక చాటింపుతో జతచేసి, ఒకే ఊళ్లో ఒకే వారంలో వినిపించిన రెండింటినీ పక్కపక్కన, ‘అట’ ఎక్కడ ఉందో ఎక్కడ లేదో గుర్తిస్తూ, రాసుకోవలసి ఉంటుంది. గద్వాల మండలాలలో 2018లో డప్పుతో పాడిన పాటల పాఠాలు, అవి పాడినవారు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్న ఈ కాలంలోనే ఆ పని మొదలుపెట్టడానికి వీలుంది.